రాయి మీద ఏడో పేరు

ఉత్తరం విప్పకుండానే లోపల ఏముందో చెప్పగలనని సృజనకు కొంచెం పొగరు ఉండేది. పొగరంటే ఆమె ఒప్పుకోదు, అనుభవం అంటుంది. వాటిల్‌ఫర్డ్ ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఉత్తరాలు పంచుతున్న మనిషి. బ్యాంకు కార్డున్న కవరు మధ్యలో గట్టిగా తగులుతుంది. స్పీడు ఫైను కవరుకు కిటికీ ఉంటుంది, లోపలి కాగితం మూడు మడతలు. పెళ్లి పిలుపైతే స్టాంపు ఎప్పుడూ వంకరే. ఆసుపత్రి నుంచి ఒక్క కాగితం వస్తే ఉత్త అపాయింట్‌మెంటు, బొద్దుగా వస్తే ఆపరేషను. పొద్దున్న ఆరింటికి డిపోలో గళ్ల అర ముందు నిలబడి, వీధులవారీగా ఉత్తరాలు సర్దుతూ, “నలభై రెండో నంబరాయినకు మళ్ల ఫైన్ వడ్డది” అని ఆమె ప్రకటిస్తే, పక్క అర దగ్గర సుబ్బరాజు ముసిముసిగా నవ్వేవాడు.

“మనకెందుకమ్మా ఆ గొడవ? డబ్బాలో పడేసి రావడమేగా మన పని,” అనేవాడు.

సుబ్బరాజుది భీమవరం దగ్గర పల్లె. యాభై ఆరేళ్లుంటాయి, ఇరవై ఏళ్ల సర్వీసు. సృజనది జనగామ. కంప్యూటర్లు చదవడానికని ఈ దేశం వచ్చి, క్లేటన్‌లో ఒక ఇంట్లో ఆరుగురితో సర్దుకుని, దొరికిన పనల్లా చేసి, పీఆర్, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చేదాకా అని పోస్టీగా, ఉత్తరాలు పంచే పనిలో చేరింది. పీఆర్ వచ్చింది, క్రెయిగీబర్న్‌లో ఇల్లు వచ్చింది, పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది. పోస్టీ ఉద్యోగం మాత్రం వదలబుద్ధి కాలేదు. క్రెయిగీబర్న్ నుంచి ఉత్తరంగా అరగంట పోతే వచ్చే ఆ చిన్న ఊళ్లో, మూడు చక్రాల కరెంటు బండి మీద తిరుగుతుంటే ప్రతి గుమ్మమూ ఆమెకు తెలిసినదే.

ఆ ఊళ్లో పాత పోస్టాఫీసు ఉంది. ఇప్పుడందులో కాఫీ కొట్టు నడుస్తోంది. దాని ముందు నడుమెత్తు బూడిదరంగు రాయి. ‘ఈ పోస్టాఫీసు నుంచి యుద్ధానికి వెళ్లి తిరిగిరాని మా తోటివారు’ అని దాని మీద చెక్కి, కింద ఆరు పేర్లు రాశారు. మొదటి యుద్ధంలో పోయినవాళ్లు నలుగురు, రెండోదానిలో ఇద్దరు. ఒకాయన టెలిగ్రాఫు గుమాస్తా, ఒకాయన తీగలు లాగేవాడు, మిగతావాళ్లంతా ఉత్తరాలు పంచినవాళ్లే. ఏటా ఏప్రిల్ ఇరవై ఐదున, యుద్ధాల్లో పోయినవాళ్లను దేశమంతా తలుచుకునే యాంజాక్ డే నాడు, ఊరి పెద్ద కార్యక్రమం తెల్లారకముందే అయిపోయాక, పదింటికి డిపో వాళ్లంతా పసుపు జాకెట్లతో ఆ రాయి దగ్గరికి వస్తారు. కొత్తగా చేరిన పోస్టీ ఆ ఆరు పేర్లూ పైకి చదవాలి. అది అక్కడి ఆనవాయితీ.

సృజన చేరిన ఏడు ఆ పని ఆమె మీద పడింది. వారం రోజులు వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ కూడా ఆ పేర్లు వల్లె వేసింది. ఆ రోజు తడబడకుండా చదివింది. అందరూ తలలు వంచారు. ముందు వరుసలో కుర్చీలో కూర్చున్న ముసలాయన మాత్రం వంచలేదు. ఆమె నోటికేసే చూస్తున్నాడు, ఇంకా ఏదో వినబోతున్నట్టు. ఒక పేరు తినేశానేమోనని ఆమెకు చెమటలు పట్టాయి. కాగితం మళ్లీ చూసుకుంది. ఆరే ఉన్నాయి.

ఆయనే డెస్మండ్ కీటింగ్. సృజన రౌండులోనే, మిల్ వీధి చివరి ఇల్లు. ఆయన వినబోయిన ఏడో పేరు ఆయన తండ్రిది, ఫ్రాంక్ కీటింగ్.

ఫ్రాంక్ అదే పోస్టాఫీసులో, ఇప్పుడు సృజన తిరిగే వీధుల్లోనే సైకిలు మీద ఉత్తరాలు పంచేవాడు. పందొమ్మిదివందల నలభైలో సైన్యంలో చేరాడు. సింగపూర్‌లో జపాన్‌వాళ్లకు పట్టుబడి, మూడున్నరేళ్లు బందీగా ఉండి, బర్మా రైలుదారి పనిలో రాళ్లు మోసి, నలభై ఐదులో తిరిగొచ్చాడు. మనిషి కాదు, అస్థిపంజరం వచ్చింది. ఉద్యోగం తిరిగి ఇచ్చారు కానీ రెండు వీధులు తిరిగేసరికి కూలబడిపోయేవాడు. వీధి మొగలో ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, సంచీ భుజాన వేసుకుని ఆయన భార్య ఇల్లిల్లూ తిరిగి వేసొచ్చేది. ఊరంతా చూసింది, ఒక్కరూ పైకి అనలేదు. అలా నాలుగేళ్లు గడిపి నలభై తొమ్మిదిలో పోయాడు. అప్పటికి డెస్మండ్‌కు పదమూడేళ్లు.

“తిరిగొచ్చాడు కదా అంటారు,” అని ఆయన ఒకసారి కంచె మీద మోచేతులు ఆనించి సృజనకు చెప్పాడు. “నాలుగేళ్లు మా అమ్మ మోసిన సంచీ ఎవరిది మరి?”

రాయి మీద ఏ పేరుండాలో చూసేందుకు ఊళ్లో ఒక స్మారక సంఘం ఉంది. ముప్పై ఏళ్లుగా ఏటా ఆయన ఆ సంఘానికి ఉత్తరం రాస్తున్నాడు. ఏటా వాళ్లు జవాబు రాస్తున్నారు. మర్యాదగా, సంతాపంతో, వీలుకాదని. ఆయనకు చెవులు మొద్దుబారి ఫోను వినపడదు; ఎవరేం చెప్పాలన్నా ఉత్తరమే. తొమ్మిదేళ్లలో అలాంటి జవాబులు సృజన ఎనిమిది మోసుకెళ్లి ఇచ్చింది. నీలం గుర్తున్న తెల్ల కవరు, లోపల ఒక్కటే కాగితం. ఒప్పుకునే ఉత్తరమైతే ఒక్క కాగితంతో ఎందుకు వస్తుంది? ఫారాలుంటాయి, బొమ్మలుంటాయి, సంతకాలుంటాయి.

రెండేళ్ల కిందటి జవాబు సరిగ్గా యాంజాక్ డేకు అయిదు రోజుల ముందు వచ్చింది. ఆ ఏడు ఆయన రాయి దగ్గరికి రాలేదు. డబ్బాలో ఉత్తరాలు తీయకుండా పేరుకుపోతుంటే సృజనకే అనుమానం వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది. ఆయన వంటింటి నేల మీద పడి ఉన్నాడు. అంబులెన్సు పిలిచింది ఆమే. నెలరోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చిన మనిషి సగమయ్యాడు. అప్పటి నుంచి ఆయన బాధ్యత తనదేనని, ఎవరూ అప్పగించకపోయినా, సృజన మనసులో స్థిరపడిపోయింది. ఈ కథలో తప్పు ఎక్కడ మొదలైందంటే అక్కడే.

ఈ ఏడు జనవరిలో ఆయనకు మళ్లీ జబ్బు చేసింది, ఈసారి న్యుమోనియా. బతికి బయటపడ్డాడు, కానీ నడక చట్రం, అదే వాకర్, లేనిదే గుమ్మం దాటడం లేదు. ఎనభై తొమ్మిదేళ్లు. అయినా ఉత్తరాలు వచ్చే రోజున గేటు దగ్గర నిలబడి ఉండేవాడు.

“ఏమైనా ఉందా, స్రూ?” ఆమె పూర్తి పేరు ఆయన నోరు తిరగదు.

“ఏం లేదు మిస్టర్ కీటింగ్.”

“మంచిది. ఇరవై ఐదుకు మాత్రం వస్తాను. పాకుతూ అయినా వస్తాను.”

ఏప్రిల్ పదో తేదీన వచ్చింది, నీలం గుర్తున్న తెల్ల కవరు. అరలో మిల్ వీధి గడి దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. వేళ్ల మధ్య పెట్టి తడిమింది. ఒక్కటే కాగితం.

“ఏంటమ్మా, అలా బిగుసుకుపోయావ్?” అన్నాడు సుబ్బరాజు.

“ముసలాయినదన్నా. కమిటీ వాళ్లది. మళ్ల వద్దనే రాసిన్రు.”

“చదివేశావా ఏంటి?”

“చదువుడెందుకు? ఒక్కటే కాగితం. ఏటా గిట్లనే వస్తది.” ఆమె ఆ కవరును మిగతావాటిలో కలపలేదు. “ఇయ్యాల ఇస్తే మళ్ల మంచం వడ్తడు అన్నా. ఈసారి వడ్తే లేవడు. ఇరవై ఐదు కానియ్యి. ఆ రాయి కాడికి వచ్చి కూసోని పోనియ్యి. తెల్లారినంక ఇస్త.”

సుబ్బరాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మెయిల్ హోల్డ్ చేయడం సీరియస్ మేటరమ్మా. తెలిసిందంటే ఉద్యోగం పోద్ది, కేసవుద్ది. అయినా దాని మీద ఉన్నది ఆయన పేరు. మంచో చెడో ఆయన చూసుకుంటాడు.”

“పదిహేను రోజులల్ల ఏం కొంప మునుగుతది? ముప్పై ఏండ్ల సంది వద్దంటనే ఉన్నరు. ఇంకో పదిహేను రోజులు ఆలస్యంగ వద్దంటే ఏమైతది?”

“నీ ఇష్టం. నేను చూళ్లేదు,” అని సుబ్బరాజు తన అరకేసి తిరిగిపోయాడు.

ఆమె కవరును జాకెట్టు లోపలి జేబులో పెట్టుకుంది. జాలితోనే పెట్టుకుంది, ఆ మాట మాత్రం నిజం. జాలి పడేవాళ్లకు తాము పొరబడుతున్నామన్న అనుమానం రాదు.

ఆ రోజు గేటు దగ్గర “ఏం లేదు” అని చెప్పడం కష్టమైంది. రెండోసారి కొంచెం తేలికైంది. ఈస్టర్ సెలవులు వచ్చి పోయాయి. తర్వాత చెప్పినప్పుడు ఆయన నవ్వాడు. “ఆలస్యమవుతోందంటే ఆలోచిస్తున్నారన్నమాట,” అన్నాడు. ఆ ఆశ చూసి, మంచిపనే చేశానని ఆమె ఆ పూటంతా హాయిగా బండి తోలుకుంది.

యాంజాక్ డే నాడు ఎండ కాసింది. డెస్మండ్ నల్లకోటు వేసుకుని, తండ్రి పతకాలు కుడివైపు పెట్టుకుని, చట్రం తోసుకుంటూ వచ్చాడు. సొంతంగా గెలిచినవాళ్లే ఎడమవైపు పెట్టుకోవాలట. ఆయన్ను చూడగానే సృజన కడుపు నిండింది. రాయికి ఈమధ్యనే మరమ్మతు చేసినట్టున్నారు. పగుళ్లు పూడ్చి, నాచు గీకి, తళతళలాడేలా ఏదో పూత పూశారు. కొత్తగా చేరిన పంజాబీ అమ్మాయి పేర్లు చదివింది. ఆరో పేరు తర్వాత ఆయన ఎప్పట్లాగే తలెత్తి కాసేపు చూసి, అప్పుడు వంచాడు.

తర్వాత కాఫీ కొట్టు వరండాలో టీ, బిస్కట్లు. స్మారక సంఘం కార్యదర్శి మార్గరెట్ డాయిల్, డెబ్బై దాటిన గట్టి మనిషి, కప్పు పట్టుకుని సృజన పక్కకు వచ్చింది. దూరంగా కూర్చున్న డెస్మండ్‌ను చూస్తూ నిట్టూర్చింది.

“ఆయన మనసు ఎందుకు మారిందో నీకేమైనా తెలుసా? ఆయన నీతో మాట్లాడతాడు కదా.”

“ఏం మారింది?”

“మేం ఒప్పుకున్నామమ్మా. ఆయన రాసిన ముప్పై ఉత్తరాలూ కొత్త కమిటీ ముందు పెట్టి చదివాను. చేతులన్నీ లేచాయి. రాయి మరమ్మతు ఎలాగూ ఉంది, పూత వేసేలోపు పేరు చెక్కిద్దామనుకున్నాం. కుటుంబం సంతకం లేనిదే ఉలి పెట్టకూడదని రూలు. పదిహేడో తేదీలోపు సంతకం పంపమని రాశాం. పలకలేదు. రెండుసార్లు ఫోను చేశాను, తీయలేదు. ఇంటికి ఒకసారి వెళ్లొద్దామా అనుకున్నాను కూడా. ముప్పై ఏళ్లు కాదన్నవాళ్లం, ఇప్పుడు వద్దనే హక్కు ఆయనకుంది కదా అని ఊరుకున్నాను.” ఆమె కప్పుతో రాయికేసి చూపించింది. ఆరో పేరు కింద బెత్తెడు జాగా నున్నగా, ఖాళీగా ఉంది. “మేస్త్రీ ఇరవై రెండు దాకా ఆగి, పూత వేసి వెళ్లిపోయాడు.”

ఆ కవరు అప్పుడు కూడా సృజన జాకెట్టు జేబులోనే ఉంది, గుండెకు ఆనుకుని.

“ఇప్పుడు... ఇప్పుడు చెక్కించొచ్చు కదా?”

“పూత పడ్డాక ఉలి తగిలితే రాయి చీలుతుంది. ఇరవై ఐదేళ్ల దాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదని రాసిచ్చాకే పాత కట్టడాలను కాపాడే శాఖవాళ్లు అనుమతిచ్చారు.”

“పక్కన చిన్న పలక లాంటిది?”

“అడిగాను. కుదరదన్నారు.” మార్గరెట్ మంచి మనిషి. సృజన మొహం చూసి, ఆమెకు ఆ ముసలాయనంటే ఎంత అభిమానమో అనుకుని, భుజం తట్టి వెళ్లిపోయింది.

ఆ శనివారమూ ఆదివారమూ సృజన ఇంట్లో ఉందంటే ఉంది. కూతురు ఏదో అడిగితే ఇంకేదో ఇచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఉండబట్టలేక సుబ్బరాజుకు ఫోను చేసి అంతా చెప్పింది.

“నేను ఆ రోజే లాక్కుని బండిలో పడెయ్యాల్సింది,” అన్నాడు సుబ్బరాజు. “చూళ్లేదని తప్పుకున్నాను చూడు, నన్నూ చెప్పుతో కొట్టాలి.”

“ఏం జెయ్యాలన్నా ఇప్పుడు? చింపేస్తే?”

“చించితే దాగుద్దా? రేపు ఆ కమిటీ ఆవిడ ఆయనకు ఎదురుపడి అడిగితే?”

“కమిటీ వాళ్లకు చెప్తనన్నా. నాదే తప్పని చెప్తే ఏమన్న చేస్తరేమో. ఉద్యోగం వోతే వోనీ.”

చెప్పింది. ఫోనులో మార్గరెట్‌కు ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆవిడ మెల్లగా అంది: “తప్పు ఎవరిదని రాయి అడగదమ్మా. దాని మీద పూత పడిపోయింది. నేనేం చేయగలను? నువ్వేం చేయగలవు?” తిట్టి ఉంటే సృజన పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. తన ఉద్యోగమంత పెద్దదాన్ని పణంగా పెట్టినా దానికి విలువ లేదని తెలిసి, ఆమె ఫోను పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

సోమవారం మిల్ వీధిలోకి బండి తిప్పేసరికి ఆయన గేటు దగ్గరే ఉన్నాడు.

“ఏమైనా ఉందా, స్రూ?”

ఆమె కవరు తీసి చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో మెల్లగా ఒత్తి చూశాడు. మొహంలో వెలుగు తగ్గింది, అయినా నవ్వాడు.

“ఒక్కటే కాగితం. తెలుసులే. పోస్టుమాన్ కొడుకుని, నాకూ ఆ మాత్రం తెలుసు.” కవరును చింపకుండానే కోటు జేబులో పెట్టుకోబోయాడు. “లోపల రేకు డబ్బాలో ఇరవై తొమ్మిది ఉన్నాయి. దీన్నీ వాటిలో పడేస్తాను. విప్పడం దేనికి?”

ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం, దేవుడు తనకు దారి చూపించాడనుకుంది సృజన. ఆయన విప్పడు. తను చెప్పదు. మార్గరెట్‌ను బతిమాలుకుంటే ఆమె కూడా చెప్పకపోవచ్చు. బండి ముందుకు తిప్పడమే మిగిలింది. కానీ ఫ్రాంక్ కీటింగ్ తిరిగొచ్చినా తిరిగిరానివాడేనని చేతులెత్తి ఒప్పుకున్న మాట ఆ జేబులో ఉంది. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మాట ఆయనకు తెలియకుండా ఆయన జేబులోనే ఉండిపోతుంది. అది ఆమె వల్ల కాలేదు.

“విప్పండి మిస్టర్ కీటింగ్,” అంది. ఆయనకు వినపడేలా గట్టిగా మళ్లీ అంది.

“కళ్లద్దాలు లోపలున్నాయి. నువ్వే చదువు.”

ఆమె చింపి చదివింది. “‘మీ తండ్రిగారు ఫ్రాంక్ కీటింగ్ పేరును స్మారకశిల మీద చేర్చడానికి మా కమిటీ ఏకగ్రీవంగా అంగీకరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం...’”

ఆయన చట్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు. “మళ్లీ చదువు.” మళ్లీ చదివింది. ఆయన కళ్లలోంచి నీళ్లు ముడతల్లో పడి చెంపల మీదుగా పోతున్నా తుడుచుకోలేదు. “అమ్మా,” అన్నాడు, ఎవర్నో లోపలి నుంచి పిలుస్తున్నట్టు. ఎనభై తొమ్మిదేళ్ల మనిషి మొహం పదమూడేళ్ల పిల్లవాడి మొహమైపోయింది. సృజన జీవితంలో అంత సంతోషం ఒక మనిషి మొహంలో చూసి ఎరగదు. దాన్ని ఇప్పుడు తన నోటితోనే తీసేయాలి.

“ఇంకా ఉందా?” అన్నాడు.

“ఉంది.” మిగతాది చదివింది. సంతకం చేసి, కింద చుక్కల గీత దగ్గర కత్తిరించి, ఏప్రిల్ పదిహేడులోపు పంపాలి. ఆ తర్వాత రాయికి పూత వేస్తారు. ఫారం ఆ ఒక్క కాగితం అడుగునే ఉంది.

“ఇవాళ తారీఖెంత?”

“ఇరవై ఎనిమిది.”

ఆయన లెక్క వేసుకున్నాడు. అయోమయంగా ఉత్తరాల డబ్బాకేసి చూశాడు. “ఈస్టర్‌కు నేను సరిగా వెతకలేదేమో. అడుగున పడిపోయి ఉంటుంది. ముసలితనం, స్రూ. నా తప్పే.”

“మీ తప్పు కాదు.” ఆమె చట్రం మీదున్న ఆయన చేతిని పట్టుకుంది. “పదో తారీఖునే వచ్చింది. నేనే ఆపాను. కాదన్నారనుకున్నాను. మీరు మళ్లీ పడిపోతారని భయపడ్డాను. రాయికి పూత వేసేశారు. అందరినీ అడిగాను. కుదరదన్నారు.”

ఆయన చేతిని వెనక్కి తీసుకోలేదు.

“పదో తారీఖు నుంచి నన్ను చూసినప్పుడల్లా లేదని చెప్పావు,” అన్నాడు.

“చెప్పాను.”

“రాయికి మళ్లీ ఎప్పుడు చేస్తారు?”

“ఇరవై ఐదేళ్లకు.”

ఆయన తలూపాడు. ఆ అంకె వినలేదేమోనని ఆమె మళ్లీ చెప్పబోయింది. విన్నాడు. చట్రం తిప్పుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఇంట్లోకి నడిచాడు. ఏం చేయాలో తెలియక ఆమె వెనకే వెళ్లింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని కళ్లద్దాలు పెట్టుకుని, కలం కోసం తడుముకున్నాడు. ఆమె జేబులోంచి తీసి ఇచ్చింది. ఆ ఉత్తరం అడుగున, చుక్కల గీత కింద, తన పేరు రాశాడు. అక్షరం అక్షరానికీ ఆగి రాశాడు. కత్తెర ఆమెకు ఇచ్చాడు. ఆమె కత్తిరించింది.

“వాళ్లు తీసుకోరు మిస్టర్ కీటింగ్,” అంది, ఏడుస్తూనే.

“దాచిపెట్టమను. పూత తీసిన రోజున వాళ్లకు సంతకం కావాలి కదా. ఆ రోజుకు నేనుండను. నాకెవరూ లేరు కూడా, ఇంకొకరి చేత పెట్టించడానికి.”

కవరులో పెట్టి, నాలుకతో తడిపి అంటించి, సంఘం చిరునామా రాసి, స్టాంపు మూలన అరచేత్తో ఒత్తి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టాక కూడా అంచు వదల్లేదు.

“దీన్ని ఆపకమ్మా,” అన్నాడు.

కోపంతో అనలేదు. బతిమాలుతున్నాడు.